పంటిగాట్ల కడ్డీ వెంట ఓడలరేవు నుంచి అంతర్వేది దాకా

నేను ఈ ప్రయాణం సముద్రం చూడాలని చెయ్యలేదు. కుళ్లుతో చేశాను. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కోనసీమ మీద రాసేవాళ్లందరూ కొబ్బరాకుల మధ్య సూర్యోదయంతో మొదలుపెట్టి, మూడో లైనులో కేరళతో పోలుస్తారు. ఆ పోలిక చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మా ఊళ్ల అందం ఇంకొకరి పేరు మీద చెలామణి కావాలా? మేలో తీరం ఎలా ఉంటుందో, బండి మీద ఎంతసేపు పడుతుందో, ఏం తినాలో నేను చూసినట్టే చెప్తాను. నాతోపాటు వచ్చినవాడి మీద నాకున్న మంట కూడా దారిలో తగులుతుంది. అది తీసేస్తే ఈ ప్రయాణంలో మిగిలేది కిలోమీటర్లే.

అమలాపురంలో ఒక రేకుల షెడ్డులో బోటు ఇంజన్లు బాగుచేస్తాను. పదో తరగతి తప్పాక చేరాను, తొమ్మిదేళ్లయింది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, చూసి నేర్చుకున్నాను. ఈ రాయడం కూడా అంతే. ఏటా వేసవిలో రెండు నెలలు సముద్రం మీద వేట నిషేధం. బోట్లన్నీ ఇసుక మీదికి ఎక్కుతాయి, ఇంజన్లు విప్పడానికి మాకు అదే అదను. ప్రతి వేసవీ మా మేస్త్రిగారు తీరం వెంట ఊరూరూ తిరిగి వచ్చేవారు. ఆయనకో కడ్డీ ఉంది. మూరన్నర పొడవు స్టీలు చువ్వ, ఒక చివర చెక్క పిడి. చువ్వ కొనని తిరుగుతున్న ఇంజన్‌కి ఆనించి, పిడిని పళ్ల మధ్య పట్టుకుని కళ్లు మూసుకునేవారు. ఏ బేరింగు అరిగిందో, ఏ వాల్వు సరిగా కూర్చోవడం లేదో చెప్పేసేవారు. పిడి నిండా ఆయన పంటిగాట్లు. ఈ ఏడు మోకాళ్లు సహకరించక తాను రానన్నారు. మమ్మల్నిద్దర్నీ వెళ్లమని, ఆ కడ్డీ తీసి వీరబాబు చేతిలో పెట్టారు. వీరబాబు చేరి మూడేళ్లు. నాకంటే ఆరేళ్లు వెనక.

కడ్డీ ఎవరిదో రేపు షెడ్డు వాళ్లదేనని మా దగ్గర స్క్రూలు కడిగేవాడిక్కూడా తెలుసు. 

పొద్దున్న అయిదున్నరకి బయల్దేరాం. నా బండి, నేనే నడిపాను, వెనక వీరబాబు, మా ఇద్దరి మధ్య పనిముట్ల సంచి. కడ్డీ మాత్రం సంచిలో పెట్టలేదు వాడు, తువ్వాలు చుట్టి ఒళ్లో పట్టుకున్నాడు, పసిపిల్లని పట్టుకున్నట్టు. మూడు వందల పెట్రోలు కొట్టిస్తే రోజంతా సరిపోయింది, మొత్తం తిరుగుడు నూట ముప్పై, నూట నలభై కిలోమీటర్ల మధ్య. ఊరు దాటకముందే ఒక బండి దగ్గర పొట్టిక్కలు తిన్నాం. పనసాకులు దొన్నెల్లా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఇద్దరికీ ఎనభై రూపాయలు. ఏడు దాటితే అయిపోతాయి, ఆలస్యం చెయ్యకండి. బండి మీద వడ్డించే ఆవిడ ఏదో అడుగుతుంటే వీరబాబు వంగి, మొహం ఆవిడ మొహానికి దగ్గరగా పెట్టి, కళ్లార్పకుండా విన్నాడు. ఆవిడ మురిసిపోయి వాడి ఆకులో ఇంకో గరిటె కొబ్బరి పచ్చడి వేసింది. నేను పచ్చడి అడిగితే, "ఉండండి బాబూ, వేత్తానుగా" అంది.

ఈ వంగడం వాడి విద్య. ఎవరు మాట్లాడినా అలా దగ్గరికి వంగుతాడు. పెద్దవాళ్లు అది వినయం అనుకుంటారు. షెడ్డుకొచ్చే బోటు యజమానులు నన్ను దాటుకుని వాడి దగ్గరికి వెళ్లేది అందుకే. నేను మాత్రం వెనకనుంచి మూడుసార్లు పిలిస్తే ఒకసారి పలుకుతాడు. పెద్దవాళ్ల దగ్గర వినయం, నా దగ్గర పొగరు అని లెక్క వేసుకున్నాను. మూడేళ్లుగా ఆ లెక్క తప్పని నాకు అనిపించలేదు.

అమలాపురం నుంచి అల్లవరం మీదుగా ఓడలరేవు ముప్పావు గంట. దారంతా ఎండిన రొయ్యల చెరువులు, నెర్రెలిచ్చిన అడుగు, గట్టు మీద తలకిందులుగా పడుకోబెట్టిన, నీళ్లకి గాలి పట్టించే చక్రాలు. మేలో వస్తే కనిపించేది ఇదే, పచ్చదనం కావాలనుకునేవాళ్లు వానలు పడ్డాక రండి. కానీ సముద్రం ఒడ్డున మనిషి ఉండడు. ఏడు గంటలకి ఆ పొడుగాటి తీరం మీద మేమిద్దరం, వల అల్లుకునే ముసలాయన ఒకడు, వరసగా ఇసుకెక్కిన బోట్లు. అవతల గ్యాస్ టెర్మినల్ గొట్టాలు. వేటప్పుడు ఇక్కడ నిలబడ్డానికి చోటుండదు. ఇప్పుడు కూర్చోవచ్చు, పడుకోవచ్చు, ఎవరూ ఏమీ అమ్మరు. నీళ్లు మాత్రం మీరే తెచ్చుకోవాలి.

కాసేపటికి బోటు వాళ్లొచ్చారు, రెండు ఇంజన్లు చూశాం. రెండింటికీ చేతులు నల్లబడేలా పనిచేసింది నేను. వీరబాబు చివర్లో కడ్డీ ఆనించి, పిడి కరిచి, కళ్లు సగం మూశాడు. అచ్చం మేస్త్రిగారి ఫోజు. చూస్తున్న వాళ్లందరూ దగ్గరికి చేరారు. వాళ్లింటి నుంచి టీ వచ్చింది, ముందు గ్లాసు వాడికే. "మేస్త్రిగారు సరైనోడికే ఇచ్చేరండి," అన్నాడు వల అల్లే ముసలాయన. నేను గ్రీజు చేతులు ఇసుకలో రుద్దుకున్నాను. ఇసుక కూడా కాలింది.

ఓడలరేవు నుంచి చూస్తే వైనతేయ నదికి అవతలి గట్టు దగ్గర్లోనే కనిపిస్తుంది. పడవ మీద దాటొచ్చని కొత్తవాళ్లకి ఆశ పుడుతుంది. బండి ఉంటే ఆ ఆశ వదులుకోండి, వెనక్కొచ్చి బోడసకుర్రు వంతెన ఎక్కండి. చుట్టే, కానీ ఆ వంతెన మధ్యలో అయిదు నిమిషాలు ఆగితే చుట్టు తిరిగిన సంగతి మర్చిపోతారు. తొమ్మిదింటికి అక్కడున్నాం. అవతల పాశర్లపూడి, తర్వాత నగరం. రోడ్డు పక్కన గ్యాస్ పైపుల హెచ్చరిక బోర్డులు కొబ్బరిచెట్ల కంటే దగ్గరదగ్గరగా ఉంటాయి. సిగరెట్టు అలవాటున్నవాళ్లు రాజోలు దాకా ఓర్చుకోండి.

వంతెన దిగుతుంటే వెనకనుంచి లారీ హారన్ కొడుతూ మీదికొచ్చింది. నేను పక్కకి తీసి, జాగ్రత్తగా పట్టుకోరా అని అరిచాను. వీరబాబు పలకలేదు. ఇంకోసారి అరిచాను. నదిని చూస్తూ కూర్చున్నాడు. తాటిపాకలో ముంజలకి ఆగినప్పుడు కడుపులోది కక్కేశాను. కడ్డీ చేతికొస్తే మాట కూడా బరువైపోయిందేంట్రా అని అడిగాను. వాడు నవ్వి, "అదేం లేదు శీనన్నా," అన్నాడు. ముంజలమ్మే ఆయన డజను అరవై చెప్పి, వీరబాబు వంగి రెండు మాటలు వినేసరికి పదమూడోది ఉచితంగా కొట్టి వాడి చేతిలోనే పెట్టాడు. దాన్ని వాడు నాకిచ్చాడు. తిన్నాను గానీ తియ్యగా లేదు.

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి దాటి అంతర్వేది పల్లిపాలెం చేరేసరికి పదకొండు కావస్తోంది. తీర్థం రోజుల్లో ఈ ఆఖరి అయిదు కిలోమీటర్లకే గంట పడుతుంది. మేలో పావుగంట. గుడి ఖాళీ, దర్శనం పది నిమిషాలు. ఆటోవాళ్లు మాత్రం సీజన్ ధరే చెప్తారు, సగానికి అడగండి.

అక్కడ మా పని నూకరాజుగారి బోటు మీద. యాభై దాటిన మనిషి, మాట పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. వేట తెరిచిన మొదటి రోజున తన ఇద్దరు కొడుకులతో వెళ్లే బోటు అది. వాల్వులు శుభ్రం చేశాం, డీజిల్ చిమ్మే నాజిల్ మార్చాం. కింది భాగం విప్పలేదు, విప్పాల్సిన అవసరం ఉందని ఎవరూ అనుకోలేదు. పన్నెండున్నరకి ఇంజన్ చల్లబడ్డానికి తొట్టిలో నీళ్లు పోసి, హ్యాండిల్ తిప్పి ఇంజన్ లేపాను. వీరబాబు కడ్డీ ఆనించాడు. నేను అలవాటు ప్రకారం నాలుగడుగులు వెనక్కి వచ్చి నిలబడ్డాను. నాకు దూరం నుంచే బాగా వినపడుతుంది.

వినపడింది. ఆ దడదడ కింద, సన్నగా, రెండు టిక్కులు వెంటవెంటనే. మళ్లీ రెండు. పిస్టన్‌ని పట్టి ఉంచే పిన్ను చుట్టూ ఉండే ఇత్తడి తొడుగు, బుష్షు, అరిగితే వచ్చే చప్పుడు. ఇసుక మీద అది చప్పుడే. సముద్రంలో, బరువు మీద, పదిమైళ్ల అవతల పిన్ను వదిలేస్తే ఇంజన్ అక్కడే ముక్కలవుతుంది. వీరబాబు పిడి నోట్లోంచి తీశాడు. బేరింగు బాగుందండి, అన్నాడు. నూకరాజుగారు వాడి భుజం తట్టి, "ఆయ్, మీరు చెప్పేరంటే ఇంక తిరుగులేదు," అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "అబ్బాయ్, ఆ సామాన్లు సర్దేయ్," అన్నారు.

నేను నోరు మూసుకున్నాను. దాచడం నాకు రాదు కాబట్టి రాస్తున్నాను. ఆ నిమిషంలో నేను అనుకున్నది ఇదీ: చెడిపోనీ. మొదటి రోజే సముద్రంలో ఆగిపోనీ. అప్పుడు తెలుస్తుంది అందరికీ, చెవి ఎవరిదో, ఫోజు ఎవరిదో. ముగ్గురు మనుషులు ఆ బోటులో ఉంటారన్న సంగతి నా బుర్రలోకి రాలేదు. వచ్చిందేమో, నేను రానివ్వలేదు. సామాన్లు సర్దేశాను.

భోజనం నూకరాజుగారి ఇంట్లో. నిషేధం రోజుల్లో సముద్రపు చేప దొరకదు, దొరుకుతుందని చెప్పే హోటలుని నమ్మకండి, అది ఐసులో ముసలిదైపోయిన చేప. తీరంలో ఈ రెండు నెలలూ ఎండుచేప కాలం. ఆయన భార్య సత్యవతిగారు ఎండు మెత్తళ్లు వేయించి, మామిడికాయ ముక్కలు వేసి పులుసు పెట్టారు. మెత్తళ్లంటే వేలెడంత చేపలు, ముల్లుతో సహా నమిలెయ్యాలి. తలలు గిల్లి, వేడి నీళ్లలో రెండుసార్లు కడిగితేనే ఇసుక పోతుందనీ, మామిడికాయ పులుపు చూశాకే ఉప్పు వెయ్యాలనీ ఆవిడ చెప్పారు. వీరబాబు వంగి వింటున్నాడు. అలాంటి పులుసు నేనింతవరకు తినలేదు. ఆవిడ వాడి కంచంలో రెండోసారి వేసేటప్పుడు, నా తండ్రే, ఎంత శ్రద్ధగా వింటాడో, మా వాళ్లెవరూ ఇలా వినరు అని మెచ్చుకున్నారు. ఎదురుగా నూకరాజుగారి పెద్దకొడుకు కూర్చుని అన్నం కలుపుకుంటున్నాడు. వేట తెరిచే రోజుకి కొత్త చొక్కా కొన్నానని చెప్తున్నాడు. నేను నోటిదాకా తెచ్చిన ముద్ద కంచంలో పెట్టేశాను. ముల్లు గుచ్చుకుందనుకుని సత్యవతిగారు ఒట్టి అన్నం ముద్ద చేసి ఇచ్చారు.

తిన్నాక ఒడ్డు వెనక సరుగుడు తోటలో కూర్చున్నాం. మే నెల మధ్యాహ్నం తీరంలో నీడంటే ఇదొక్కటే, సముద్రం దగ్గర గడపాలనుకునేవాళ్లు ఒంటిగంట నుంచి మూడున్నర దాకా ఇక్కడే ఉండండి. నేను చెట్టుకి ఆనుకుని కళ్లు మూసుకున్నాను. వీరబాబు లేచి వచ్చి నాకు కుడివైపు, వాడి ఎడమచెవి నా వైపు వచ్చేలా కూర్చున్నాడు. ఎప్పుడూ అలాగే కూర్చుంటాడు. ఎందుకో నేనెప్పుడూ ఆలోచించలేదు.

"అన్నా, ఇంజన్‌లో నీకేదో వినపడింది. ఏంటది?" అన్నాడు.

నాకేం వినపడలేదన్నాను. కడ్డీ నీ దగ్గరుందిగా, నన్నెందుకు అడుగుతావన్నాను. చెవి పెట్టి వినలేదా అని వెటకారం చేశాను.

"చెవి పెడితే వినపడదు కాబట్టే కడ్డీ ఇచ్చేరు," అన్నాడు.

ఆ తర్వాత వాడు చెప్పిందంతా ఇసుకలో పుల్లతో గీతలు గీస్తూ, నా మొహం చూడకుండా చెప్పాడు. చిన్నప్పుడు జ్వరంలో కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమది సగం. మనిషి ఎదురుగా ఉండి పెదాలు కనిపిస్తే మాట అందుతుంది, అందుకే వంగుతాడు. ఇంజన్ ముందు నిలబడితే ఒకటే రొద. పిడి పళ్లతో పట్టుకుంటేనే, ఎముకలోంచి, బరువైన చప్పుళ్లు విడివిడిగా తెలుస్తాయి. సన్నటివి అలా కూడా అందవు. మేస్త్రిగారికి ఈ సంగతి మొదటి నెలలోనే తెలిసింది. ఆయన చెవులు కూడా నలభై ఏళ్ల ఇంజన్లకి బలైపోయినవే, ఆయనా అందుకే కరిచేవారు. చెవి లేని మెకానిక్కి ఇంజన్ ఎవరిస్తారు అని ఇద్దరూ దాచారు.

"మరి నాకెందుకు చెప్పలేదురా?"

"నువ్వు కోపంలో ఎవరిముందైనా అనేస్తావు అన్నా."

అనేస్తాను. నిజం.

"బయల్దేరే ముందు మేస్త్రిగారు ఒకటే చెప్పేరు," అన్నాడు. "ఇంజన్ లేపినప్పుడు కడ్డీ ఆనించు, కళ్లు మాత్రం శీను మొహం మీద ఉంచు. ఆడి మొహం మారితే ఏదో ఉన్నట్టే. ఆడు కడ్డీ ఏం చేసుకుంటాడ్రా, ఆడి చెవే కడ్డీ. ఇందాక నీ మొహం మారింది అన్నా. చెప్పు."

ఆయన తొమ్మిదేళ్లలో ఆ ముక్క నాతో ఒక్కసారి అనలేదు. వాడితో అన్నారు. ఆ సంగతి కూడా నన్ను కాల్చింది, ఏం దాచుకోను. కానీ లేచాను. రెండు టిక్కుల సంగతి చెప్పాను, వాడి ఎడమ చెవిలో, రెండుసార్లు. వాడు మధ్యలో ఆపి, ముందే తెలిసి ఊరుకున్నావా అని అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు. పుల్ల పారేసి, సంచి భుజాన వేసుకున్నాడు.

రెండున్నరకి ఇంజన్ మళ్లీ విప్పడం మొదలుపెట్టాం. నూకరాజుగారికి చిరాకేసింది, బాగుందన్న ఇంజన్ మళ్లీ ఎందుకు విప్పుతున్నారని నన్నే నిలదీశారు. వీరబాబు వంగి, నేను విన్నది తప్పండి, శీనన్న విన్నది ఒప్పు అన్నాడు. అందరి ముందూ, కడ్డీ చేతిలో పట్టుకుని. నాలుగింటికి పిస్టన్ బయటికొచ్చింది. బుష్షు ఒక పక్క అరిగి కాగితంలా ఉంది. నూకరాజుగారు దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశారు, పెద్దకొడుకు వైపు ఒకసారి చూశారు. సంచిలో కొత్త బుష్షు ఉంది, అయిదున్నరకి బిగించి మళ్లీ లేపాం. నాలుగడుగులు వెనక్కెళ్లి విన్నాను. టిక్కులు లేవు. వీరబాబు నా మొహమే చూస్తున్నాడు. తలూపాను.

బయల్దేరుతుంటే సత్యవతిగారు ఎండు మెత్తళ్ల పొట్లం తెచ్చి వీరబాబు చేతిలో పెట్టారు. తప్పు ఒప్పుకోవడానికి ఎంత గుండె కావాలి బాబూ అని వాడి బుగ్గ పుణికారు. తప్పు కనిపెట్టినవాడు పక్కనే నిలబడ్డాడు. నవ్వొచ్చింది, ఆ రోజులో మొదటిసారి. నేను చేసింది ఆవిడకి తెలిస్తే నా బుగ్గ ఎలా వాచేదో నాకు తెలుసు కాబట్టి, పొట్లం వాడికే న్యాయం అనుకున్నాను.

కదిలే ముందు కడ్డీ ఒకసారి ఇమ్మని అడిగాను. పక్క బోటు ఇంజన్ ఎవరో తిప్పుతున్నారు. కొన ఆనించి పిడి కరిచాను. పళ్లు జివ్వుమన్నాయి, పుర్రె అంతా దడదడలాడింది, సన్నటిదేదీ తెలియలేదు. నాకది పనికిరాదు. అయితే ఒకటి తెలిసింది. పిడి పళ్ల మధ్య ఉన్నంతసేపూ నోరు మాట్లాడదు. నాకు ఆ కడ్డీ ఇంకోపనికి ఇచ్చి ఉండాల్సింది.

తిరుగు దారి రెండు గంటల లోపే, వెలుగుండగానే సఖినేటిపల్లి దాటేశాం. ఈసారి బండి వాడు నడిపాడు, వెనక నేను కూర్చున్నాను. వాడి ఎడమ భుజం మీదికి వంగి, లారీ వస్తోంది, బస్సు దాటుతోంది, ఎడమకి తియ్యి అని చెప్తూ వచ్చాను. అంతసేపు ఒకరి దగ్గరికి వంగి నేనెప్పుడూ మాట్లాడలేదు. మెడ నొప్పెట్టింది. వాడు ఈ నొప్పి చిన్నప్పటినుంచీ పడుతున్నాడు, జనం దానికి వినయం అని పేరు పెట్టారు, నేను నాటకం అని పెట్టాను.

షెడ్డు ఎవరిదో మేస్త్రిగారు ఇంకా చెప్పలేదు. కడ్డీ వీరబాబు దగ్గరే ఉంది. ఇదంతా రాయొచ్చా అని వాడిని అడిగాను. చదివి, ఇంక దాచలేను రాసెయ్ అన్నాడు. నేను నోరు ఎందుకు మూసుకున్నానో ఇందులోనే చదివాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడో రోజు ఇంజన్ లేపినప్పుడు మళ్లీ నా మొహం వైపు చూశాడు. నాలో కుళ్లు పోయిందని అబద్ధం చెప్పను. అందరూ వాడినే మెచ్చుకుంటే ఇప్పటికీ మండుతుంది. కానీ ఆ మంట చల్లారాక మాట్లాడదామని ఆగితే ఈలోగా బోటు సముద్రంలోకి వెళ్లిపోతుంది. కాబట్టి మండుతుండగానే చెప్పెయ్యాలి. తీరం మీద ఆ రోజు నేను నేర్చుకున్న పని ఇదొక్కటే.

మేలో ఇద్దరు కలిసి ఈ దారిలో వెళ్లేవాళ్లకి నా సలహా ఒకటే. నీళ్లు, టోపీ ఎలాగూ మర్చిపోరు. బండెక్కే ముందు, నీకు ఏ చెవి బాగా వినపడుతుంది అని తోడొచ్చినవాడిని అడగండి, ఆ వైపుకి వంగి కూర్చోండి.